160వ రెజిమెంట్ హెలికాప్టర్లలో స్త్రీలు: అనుమతి వచ్చాక దారి ఎలా ఉంది?

స్వాతిచినుకు
అమెరికా సైన్యంలో స్పెషల్ ఆపరేషన్స్ హెలికాప్టర్లు నడిపే 160వ రెజిమెంట్ గురించి ఈ వేదికలో ముక్కలు ముక్కలుగా చాలా సమాచారం ఉంది. ఆడపిల్లల సంగతికొచ్చేసరికి మాత్రం "ఇప్పుడు అందరికీ అవకాశం ఉంది" అని ఒక్క మాటతో తేల్చేస్తున్నారు. అవకాశం ఎప్పుడొచ్చింది, ఎవరు అర్హులు, హైస్కూలు అయిన అమ్మాయి ఆ కాక్‌పిట్ దాకా వెళ్లాలంటే ఏమేం దాటాలి, ఎక్కడ ఆగిపోతున్నారు? తెలిసినవాళ్లు వివరంగా రాయండి. స్ఫూర్తి కథలు వద్దు. కొలతలు, మెట్లు, నిబంధనలు కావాలి.

రోటరుగాలి
ముందు చరిత్ర చెప్తాను. అది తెలియకపోతే ఇప్పటి సంఖ్యలు ఎందుకు తక్కువో అర్థం కాదు.

అమెరికా సైన్యంలో తొలి మహిళా హెలికాప్టర్ పైలట్ శాలీ మర్ఫీ. 1974లో సైన్యం ఫ్లయిట్ స్కూలు ఉన్న ఫోర్ట్ రక్కర్‌లో శిక్షణ పూర్తి చేశారు. అప్పటి నుంచి స్త్రీలు రవాణా, వైద్య హెలికాప్టర్లు నడుపుతూనే ఉన్నారు. 1991 గల్ఫ్ యుద్ధంలో మేజర్ మేరీ రాసీ చినూక్ రవాణా హెలికాప్టర్ల దళానికి నాయకత్వం వహించి శత్రు భూభాగంలోకి సరుకు చేరవేశారు. కాల్పులు ఆగిన మర్నాడు, మార్చి 1న, హెలికాప్టర్ కూలి చనిపోయారు. అప్పటికి అధికారిక లెక్కలో స్త్రీలు "పోరాటంలో లేరు".

1993 ఏప్రిల్ 28న రక్షణ మంత్రి లెస్ ఆస్పిన్ పోరాట విమానాలు, హెలికాప్టర్లు స్త్రీలకు తెరిచారు. అపాచీ దాడి హెలికాప్టర్ కాక్‌పిట్‌లోకి వెళ్లడానికి అడ్డు పోయింది. మరి 160వ రెజిమెంట్? అక్కడ తలుపు మూసే ఉంది. 1994 జనవరిలో వచ్చిన నేరుగా నేల మీద పోరాడే దళాల నిబంధనలో ఒక మినహాయింపు పెట్టారు. స్పెషల్ ఆపరేషన్స్, సుదూర నిఘా పనులకు స్త్రీలను దూరంగా ఉంచుకోవచ్చన్నది దాని సారాంశం. అంటే సాధారణ దళంలో బ్లాక్‌హాక్ నడిపే స్త్రీకి అదే రకం బ్లాక్‌హాక్‌ను 160లో నడిపే అర్హత లేదు. నైపుణ్యంతో పని లేకుండా, ఆ హెలికాప్టర్ ఎవరిని మోస్తుందన్నదాన్ని బట్టి గీసిన గీత అది.

ఆ గీత ఎంత అర్థం లేనిదో 2011లో బయటపడింది. ఆ ఏడాది నుంచి, స్థానిక స్త్రీలతో మాట్లాడేందుకు పెట్టిన కల్చరల్ సపోర్ట్ టీమ్‌ల పేరుతో స్త్రీలు అఫ్గానిస్తాన్‌లో రేంజర్లతో (సైన్యం ప్రత్యేక పదాతి దళం) కలిసి రాత్రి దాడులకు వెళ్లారు. లెఫ్టినెంట్ యాష్లీ వైట్ ఆ ఏడాది అక్టోబరులో అలాంటి దాడిలోనే మరణించారు. హెలికాప్టర్ వెనక తలుపు నుంచి దిగి శత్రువు ఇంట్లోకి నడవొచ్చు. ముందు సీట్లో కూర్చుని ఆ హెలికాప్టర్ నడపకూడదు. అదీ అప్పటి పరిస్థితి.

2012 నవంబరులో మేజర్ మేరీ జెన్నింగ్స్ హేగర్, మరి ముగ్గురు సైనికురాళ్లు, సర్వీస్ విమెన్స్ యాక్షన్ నెట్‌వర్క్ కలిసి ఈ నిషేధం మీద కోర్టుకెక్కారు. హేగర్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో గాయపడ్డవాళ్లను కాపాడే రెస్క్యూ హెలికాప్టర్ పైలట్. 2009లో కాందహార్ దగ్గర ఆమె హెలికాప్టర్ కూలింది. కాపాడటానికి వచ్చిన కయోవా హెలికాప్టర్ స్కిడ్ (కింది కడ్డీ) మీద నిలబడి ఎదురుకాల్పులు జరిపారు. దావా పడ్డ రెండు నెలలకే, 2013 జనవరి 24న, అప్పటి రక్షణ మంత్రి లియాన్ పనెటా 1994 నిబంధన రద్దు చేశారు. 160వ రెజిమెంట్ పైలట్, సిబ్బంది పోస్టులు ఆ తర్వాత, 2015 డిసెంబరు 3న రక్షణ మంత్రి ఆష్ కార్టర్ అన్ని పోరాట పోస్టులూ తెరిచినట్టు ప్రకటించకముందే, స్త్రీలకు అందుబాటులోకి వచ్చాయి.

ఇక్కడ లెక్క చూడండి. 160లోకి ఇంటినుంచి నేరుగా వెళ్లేవాళ్లు ఉండరు. ముందు ఫ్లయిట్ స్కూలు, తర్వాత సాధారణ దళంలో ఏళ్ల అనుభవం. తలుపు తెరిచిన రోజున ఎంపికకు నిలబడగలిగిన స్త్రీలు ఎందరంటే, అంతకు ఆరేడేళ్ల ముందు ఫ్లయిట్ స్కూలుకు వెళ్లినవాళ్లు ఎందరో అంతే. అందులోనూ చాలామంది "అక్కడ మనకు చోటు లేదు" అని తెలిసి ఆ దిశగా ఎగిరే గంటలు కూడబెట్టనివాళ్లు.

సందేహి
మంచి వివరం. ఒక ప్రశ్న మర్యాదగానే అడుగుతున్నాను. స్త్రీల కోసం ప్రమాణాలు తగ్గించారని చాలాచోట్ల రాస్తారు. నిజమా?

పటమూగడియారం
సందేహి గారూ, రెండు వేర్వేరు సంగతులు ఒకే గంపలో వేస్తారు కాబట్టి ఈ గొడవ. విడదీసి చెప్తాను.

మొదటిది సైన్యమంతటికీ ఉండే దేహదారుఢ్య పరీక్ష. 2025 జూన్ 1 నుంచి ఏఎఫ్‌టీ (ఆర్మీ ఫిట్‌నెస్ టెస్ట్) వచ్చింది. ఐదు అంశాలు: మూడుసార్లు డెడ్‌లిఫ్ట్, చేతులు నేలనుంచి ఎత్తే పుషప్‌లు, పరుగు-ఈడ్పు-మోత, ప్లాంక్, రెండు మైళ్ల పరుగు. ఒక్కో అంశానికి 100 మార్కులు, కనీసం 60 రావాలి, మొత్తం 500కి కనీసం 300. పదాతి, ప్రత్యేక దళాలు వంటి 21 పోరాట వృత్తులకు 350 కావాలి, అక్కడ స్త్రీ పురుష తేడా లేదు. పైలట్లు ఆ 21లో లేరు. అందుకే సాధారణ పైలట్ల మార్కుల పట్టికలో స్త్రీలకు, పురుషులకు తేడా ఉంది. ఇది దాచాల్సింది కాదు.

రెండోది 160 ఎంపిక. అక్కడ ఫ్లయిట్ పరీక్షకు ఆడ పట్టిక, మగ పట్టిక లేవు. ఆ రెజిమెంట్ పేరు మోసిందే ఒక్క లెక్క మీద: లక్ష్యం మీదికి చెప్పిన సమయానికి 30 సెకన్లు అటూ ఇటూగా చేరాలి. రాత్రి, తక్కువ ఎత్తులో, దీపాలు లేకుండా. గడియారానికి ఎవరు నడుపుతున్నారో తెలియదు.

ఎంపిక వారంలో పైలట్‌కు ఉండేవి ఇవీ: దేహదారుఢ్యం, యూనిఫారంతో బూట్లతో ఈత, మానసిక పరీక్షలు, రాతపరీక్ష, పటం చూసి దారి పట్టే ఫ్లయిట్ పరీక్ష, చివర బోర్డు (అధికారుల ముందు ఇంటర్వ్యూ). చాలామంది దెబ్బతినేది ఫ్లయిట్ పరీక్షలో. జీపీఎస్ అలవాటైన చేతికి కాగితం పటం, గడియారం, దిక్సూచి ఇస్తారు. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, దారి మధ్యలో గుర్తులు తక్కువ పెట్టుకోవడం దగ్గర. మూడు నాలుగు నిమిషాలకో గుర్తు పెట్టుకున్నవాళ్లు ఒక గుర్తు తప్పితే ఎంత పక్కకి జరిగారో తెలుసుకునేసరికి ఆలస్యమైపోతుంది. నిమిషం, నిమిషంన్నరకో గుర్తు ఉండాలి. అదీ రాత్రి కనిపించే గుర్తు కావాలి. నీటి ఒడ్డు, లోయ మలుపు, కొండ భుజం బాగా పనికొస్తాయి. ఒంటరి ఇల్లు, చిన్న మట్టిరోడ్డు పనికిరావు. పటం అచ్చయ్యాక అవి ఉంటాయో లేదో ఎవరికీ తెలియదు.

రెండో తప్పు గాలి. ముందు లెగ్‌లో (రెండు గుర్తుల మధ్య దారి ముక్క) ఎదురుగాలి వల్ల 20 సెకన్లు వెనకబడితే, ఆ 20 సెకన్లనూ చివరి లెగ్‌లో ఒక్కసారిగా వేగం పెంచి కలపాలని చూస్తారు. చివర్లో పెంచిన వేగం దిగేటప్పుడు తగ్గించాల్సిందే, దాంతో దిగుడు పాడవుతుంది. ప్రతి గుర్తు దగ్గరా రెండు మూడు సెకన్లు సరిచేసుకుంటూ పోవాలి.

బోర్డు చూసేది మీరు తప్పు చేశారా లేదా అని మాత్రమే కాదు. తప్పు జరిగిన వెంటనే నోరు విప్పి పక్కవాళ్లకు చెప్పారా, దిద్దుకున్నారా అన్నది ఎక్కువ చూస్తారు.

నిబంధన
స్వాతి గారు అడిగిన మెట్లు మొదటినుంచీ రాస్తున్నాను.

ఫ్లయిట్ స్కూలుకు రెండు దార్లు. ఒకటి ఆఫీసరుగా: వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ, ఆర్‌ఓటీసీ (కాలేజీతోపాటు శిక్షణ), ఓసీఎస్ (డిగ్రీ తర్వాత ఆఫీసరు శిక్షణ). రెండోది వారెంట్ ఆఫీసరుగా: బయటినుంచి నేరుగా ఫ్లయిట్ స్కూలుకు తీసుకునే పథకం. జీవితమంతా ఎగరాలనుకునేవాళ్లకు రెండోదే మేలు. ఆఫీసర్లకు కొన్నేళ్లకే దళ నాయకత్వం, ఆపైన కార్యాలయ బాధ్యతలు వస్తాయి, ఎగిరే గంటలు తగ్గుతాయి. వారెంట్ ఆఫీసర్ల వృత్తే ఎగరడం.

వారెంట్ దారికి అమెరికా పౌరసత్వం తప్పనిసరి, గ్రీన్ కార్డు చాలదు. హైస్కూలు డిప్లొమా చాలు, డిగ్రీ ఉంటే బోర్డు దగ్గర బలం. సైన్యం ప్రవేశ పరీక్షలో జీటీ (జనరల్ టెక్నికల్) స్కోరు 110, పైలట్ అభ్యర్థులు రాసే సిఫ్ట్ పరీక్షలో కనీసం 40. వయసు 33వ పుట్టినరోజు దాటకుండా బోర్డుకు వెళ్లాలి.

సిఫ్ట్ గురించి ఒక హెచ్చరిక. పాసయితే మార్కులు పెంచుకోవడానికి మళ్లీ రాయనివ్వరు. ఫెయిలైతే విరామం తర్వాత ఒక్కసారి, అంతే. 41తో పాసైనవాళ్లు జీవితాంతం 41తోనే బోర్డుకు వెళ్తారు. అందుకే "ఒకసారి రాసి చూద్దాం" అనుకోవద్దు. ఏడు భాగాల్లో మొదటిది రెండు నిమిషాల్లో 100 బొమ్మలు, రెండోది ఐదు నిమిషాల్లో 50 దాగిన ఆకారాలు. ఈ రెండూ వేగం పరీక్షలు, అన్నీ పూర్తి చేయాలని గుడ్డిగా గుర్తులు పెట్టకండి. లెక్కలు, యాంత్రిక జ్ఞానం భాగాల్లో మీ జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంది, వెనక్కి వెళ్లడం ఉండదు. అసలు చదవాల్సింది హెలికాప్టర్ ఎగిరే సూత్రాల భాగం: సైక్లిక్ (దిశ మార్చే కర్ర), కలెక్టివ్ (పైకి కిందికి తీసుకెళ్లే మీట), పెడళ్లు ఏది ఏం చేస్తుంది, రోటర్ రెండు వైపులా లిఫ్ట్ ఎందుకు తేడాగా ఉంటుంది, ఆటోరొటేషన్ (ఇంజన్ ఆగినా రోటరు గాలికి తిరుగుతుండగా దిగడం) ఎలా జరుగుతుంది.

తర్వాత బేసిక్ ట్రైనింగ్ పది వారాలు, వారెంట్ ఆఫీసర్ అభ్యర్థుల స్కూలు, ఆపైన ఫోర్ట్ రక్కర్‌లో లకోటా హెలికాప్టర్ మీద మొదలుపెట్టడం. 2020 అక్టోబరు నుంచి ఫ్లయిట్ స్కూలు పూర్తి చేసిన పైలట్‌కు పదేళ్ల సేవా బాధ్యత ఉంది. ఆ పదేళ్లు శిక్షణ ముగిశాకే మొదలవుతాయి. సంతకం పెట్టేముందు ఇరవై ఒకటో ఏట పెట్టే సంతకం ముప్పై రెండు, ముప్పై మూడు దాకా ఉంటుందని లెక్కేసుకోవాలి. కుటుంబం గురించి ఆలోచించే అమ్మాయికి ఇది చిన్న సంగతి కాదు.

హెలికాప్టర్ ఎంపిక తరగతి ర్యాంకు ప్రకారం జరుగుతుంది. 160 నడిపేవి మూడు కుటుంబాలు: లిటిల్ బర్డ్, ఎంహెచ్-60ఎం బ్లాక్‌హాక్, ఎంహెచ్-47జి చినూక్. ఆ గమ్యం మనసులో ఉంటే బ్లాక్‌హాక్ లేదా చినూక్ కోరుకోవడం సూటి దారి.

స్వాతిచినుకు
చాలా థాంక్స్ నిబంధన గారూ. పొట్టిగా ఉన్న అమ్మాయిలను కొలతల దగ్గరే వెనక్కి పంపేస్తారని విన్నాను. ఎత్తు ఎంత ఉండాలి?

వైద్యమిత్ర
ఇదే ఎక్కువమంది తప్పుగా అర్థం చేసుకునేది. సైన్యం పైలట్ పరీక్షలో గీటురాయి నిలువెత్తు కాదు. మూడు కొలతలు:

చేతుల చాపు 164 సెం.మీ. లేదా ఎక్కువ.
కాలి కొలత, నేలనుంచి గజ్జల దాకా, 75 సెం.మీ. లేదా ఎక్కువ.
కూర్చున్న ఎత్తు 102 సెం.మీ. లేదా తక్కువ.

స్త్రీలు ఎక్కువగా తప్పేది మొదటిదాంట్లో. ఇంట్లో ముందే కొలుచుకోండి. వీపు, మడమలు గోడకు ఆనించి, చేతులు భుజాల ఎత్తులో అడ్డంగా పూర్తిగా చాపి, నడివేలు కొస నుంచి నడివేలు కొస వరకు. మోచేయి కాస్త వంగినా, భుజాలు పైకి లాక్కున్నా రెండు మూడు సెంటీమీటర్లు పోతాయి. 162 వచ్చి తిరస్కరణ రాయించుకున్న అమ్మాయి సరిగ్గా నిలబడితే 164 రావచ్చు, అందుకే మళ్లీ కొలవమని అడగడం తప్పు కాదు. కాలి కొలతకు చెప్పులు లేకుండా గోడకు నిలబడి, గట్టి అట్ట పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి గట్టిగా ఆనించి, దాని పై అంచు నుంచి నేలకు కొలవాలి.

నిజంగానే తగ్గితే కథ అక్కడితో ముగియదు. కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి చూసే పరీక్ష అడగవచ్చు. దాని ఫలితంతో వేవర్‌కు (ప్రత్యేక మినహాయింపుకు) వెళ్తారు. ఆ పరీక్షలో ఏం చూస్తారంటే, భుజం బెల్టు లాక్ చేసి ఉండగా రెండు పెడళ్లూ చివరిదాకా తొక్కగలరా, సైక్లిక్‌ను నాలుగు మూలలకూ తిప్పగలరా, అత్యవసర మీటలు అందుతాయా. బ్లాక్‌హాక్‌లో ఇంజన్ పవర్ లివర్లు, ఇంజన్ మంటలకు లాగే టీ ఆకారపు హ్యాండిళ్లు తలపైన ఉంటాయి. సీటు కిందికి దించి ముందుకు జరిపితే పెడళ్లు అందుతాయి, కానీ పైవి దూరమవుతాయి. సీటు పైకి లేపితే అవి అందుతాయి, పెడళ్లు జారతాయి. ఈ రెండింటి మధ్య సీటుకు ఒక చోటు దొరుకుతుందా లేదా అన్నదే మొత్తం పరీక్ష. కాలి కండ పట్టేసి ఉన్నవాళ్లు ఆ చోటు సులభంగా కోల్పోతారు, పిక్కలు, తుంటి సాగే వ్యాయామం ముందునుంచీ చేయండి.

కళ్లు: అద్దాలు లేకుండా ఒక్కో కంటికి 20/50 వరకు, అద్దాలతో 20/20. కంటి లేజర్ శస్త్రచికిత్స అనర్హత కాదు, కానీ అది అయ్యాక స్థిరపడేదాకా ఆగి కాగితాలన్నీ జతచేయాలి. చివరి నిమిషంలో చేయించుకుని అవకాశం పోగొట్టుకోకండి.

ఇనుపరెక్క
నీళ్లలో మునిగే పరీక్ష గురించి ఎవరూ రాయలేదు. ఫోర్ట్ రక్కర్‌లో ఒకసారి, 160లో మళ్లీ. హెలికాప్టర్ నీళ్లలో పడితే ఇంజన్లు, రోటరు బరువు పైన ఉండటం వల్ల తలకిందులవుతుంది. ఆ నమూనా పెట్టెలో కూర్చోబెట్టి ముంచి తిప్పుతారు, చివరి విడతల్లో కళ్లు కనిపించకుండా చేస్తారు.

క్రమం: నీళ్లు పెట్టెలోకి రావడం మొదలవగానే ఒక చేత్తో బయటికి దారి చూపే స్థిరమైన భాగాన్ని పట్టుకోవాలి. కదలిక పూర్తిగా ఆగేదాకా ఆగాలి. తలుపు లేదా కిటికీ విడిచే హ్యాండిల్ లాగాలి. ఆ చేత్తో బయటి అంచు పట్టుకోవాలి. అప్పుడు, అప్పుడు మాత్రమే, బెల్టు విప్పాలి. చేతి మీద చేయి లాక్కుంటూ బయటికి రావాలి.

తప్పు దాదాపు ఎప్పుడూ ఒకటే: బెల్టు ముందే విప్పేయడం. బెల్టు ఉన్నంతసేపు మీకు కింద ఏదో, పైన ఏదో తెలుసు. విప్పగానే తేలిపోతారు, పట్టు వదులుతుంది, తలకిందులైన గదిలో మీ కుడి ఎటో మీకు తెలియదు. రెండోది కాళ్లతో తన్నడం, వెనకవాళ్ల ముఖానికి తగులుతుంది, నీళ్లలో ఊపిరికి ఇచ్చే చిన్న గాలి సీసా నోట్లోంచి జారుతుంది. ఆ సీసాలో గాలి ఒకటి రెండు నిమిషాలకే, చల్లటి నీళ్లలో భయపడి పీలిస్తే ఇంకా తక్కువ.

చిన్న శరీరం ఉన్నవాళ్లకు దీనిలో ఒక అనుకూలం, ఒక ప్రతికూలం. కిటికీలోంచి చొక్కా, కవచం ఇరుక్కోకుండా తేలిగ్గా దూరుతారు. కానీ సీటు ముందుకు జరుపుకుని కూర్చుంటే తలుపు హ్యాండిల్ వెనకపడిపోతుంది. ఎగిరేముందే కళ్లు మూసుకుని ఆ హ్యాండిల్‌ను చేత్తో తాకి చూసుకోవాలి. ప్రతిసారీ.

వైద్యమిత్ర
ఒక విషయం మీద నీళ్లు నమలకుండా మాట్లాడాలి. మూత్రం.

ఎంహెచ్-47జి గాల్లోనే ఇంధనం నింపుకుంటుంది, గంటల తరబడి ఎగురుతుంది. మగవాళ్లకు సంచి ఉంది, సీట్లోనే పని అయిపోతుంది. స్త్రీలు ఏం చేస్తున్నారంటే ముందురోజు నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. ఇది ప్రమాదం. శరీర బరువులో రెండు శాతం నీరు తగ్గితే ఏకాగ్రత, ప్రతిస్పందన తగ్గుతాయి. 60 కిలోల మనిషికి అది 1.2 లీటర్లు. కవచం, హెల్మెట్‌తో వేడి కాక్‌పిట్‌లో అంత చెమట పట్టడానికి ఎక్కువసేపు పట్టదు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు అదనం. రాత్రి గాగుల్స్‌తో 40 డిగ్రీల మేరే కనిపించే చూపుతో నేలకు దగ్గరగా ఎగిరే మనిషికి ఇది నేరుగా ప్రాణాల సమస్య.

పరిష్కారం ఉంది. స్త్రీల కోసం చేసిన ఏఎంఎక్స్‌డీ అనే పరికరంలో ఒక ప్యాడ్, గొట్టం, బ్యాటరీతో నడిచే చిన్న పంపు, సంచి ఉంటాయి. ప్యాడ్ తడి పసిగట్టగానే పంపు లాగుతుంది. ఎక్కడ పాడవుతుందంటే: కూర్చున్నాక తొడ బెల్టు గొట్టాన్ని నొక్కి మడత పెడుతుంది, ప్యాడ్ ముందుకు జరిగి వెనకనుంచి కారుతుంది, బ్యాటరీ అయిపోయి ఉంటుంది. మొదటిసారి గాల్లో వాడకండి. పూర్తి సరంజామాతో, కవచం వేసుకుని, అసలైన సీట్లో బెల్టు బిగించి నేలమీద రెండు మూడుసార్లు వాడి చూడండి. మొదట్లో కండరాలు వదలనే వదలవు, కూర్చుని పోయడం మెదడుకు అలవాటు లేదు. అది సాధనతో వస్తుంది.

లోదుస్తులు: నైలాన్, పాలియెస్టర్ వద్దు. మంటల్లో కరిగి చర్మానికి అతుక్కుంటాయి. బయట మంటను తట్టుకునే యూనిఫారం వేసి లోపల దుకాణంలో దొరికే సింథటిక్ స్పోర్ట్స్ బ్రా వేసుకోవడం చాలా చోట్ల కనిపించే పొరపాటు. నూలువి లేదా మంట తట్టుకునే గుడ్డతో చేసినవి వాడాలి.

రుతుక్రమం ఆపే మాత్రలు, ఇతర హార్మోన్ పద్ధతులు వాడొచ్చు. కానీ కొత్తది మొదలుపెట్టినా, మార్చినా ముందు ఫ్లయిట్ సర్జన్‌కు (పైలట్లను చూసే సైనిక వైద్యుడికి) చెప్పి, నేలమీద ఉండి ఎలా పడుతుందో చూసుకున్నాకే ఎగరాలి. చెప్పకుండా వాడి తర్వాత బయటపడితే మందు కంటే దాచడమే పెద్ద తప్పవుతుంది.

సందేహి
గర్భం వస్తే వృత్తి అక్కడితో ఆగిపోతుందా?

నిబంధన
ఆగదు, కానీ గంటల లెక్క దెబ్బతింటుంది. అసలు కిటుకంతా ఇక్కడే.

గర్భిణి ఎగరడం ఫ్లయిట్ సర్జన్ నిర్ణయం, వేవర్ మీద ఆధారపడుతుంది. 2022 ఏప్రిల్ సైన్యం ఆదేశం ప్రకారం ప్రసవం తర్వాత 365 రోజుల వరకు రికార్డు దేహదారుఢ్య పరీక్ష, శరీర కొలతల తనిఖీ, విదేశీ మోహరింపు నుంచి వెసులుబాటు ఉంది. తల్లిదండ్రుల సెలవు 12 వారాలు.

మరోవైపు నైట్ విజన్ గాగుల్స్ అర్హత 60 రోజులకోసారి కనీసం గంట ఎగిరితేనే నిలుస్తుంది. ఏడాది దూరమైతే మళ్లీ శిక్షకుడితో పరీక్ష, మళ్లీ స్థాయి దాటడం. 160 ఎంపికకు వెళ్లే వయసు, పైలట్-ఇన్-కమాండ్ (హెలికాప్టర్ బాధ్యత మొత్తం తనదైన పైలట్) అయ్యే వయసు, పిల్లల్ని కనే వయసు ఒకేచోట కలుస్తాయి. ఎవరూ ఆమెను కాదనలేదు, కానీ తోటివాళ్లకు మూడేళ్లలో వచ్చిన గాగుల్స్ గంటలు ఆమెకు ఐదేళ్లు పడతాయి. స్త్రీలు తగ్గిపోయేది ఈ చోట.

చేయగలిగింది: గర్భం తెలిసిన రోజునుంచే సిమ్యులేటర్ గంటలు అడిగి రాయించుకోవడం. పైలట్-ఇన్-కమాండ్ పరీక్షను సాధ్యమైతే ముందే ముగించడం, ఎందుకంటే ఆ హోదా చేతిలో ఉండి అర్హత పునరుద్ధరించుకోవడం ఒక లెక్క, కో-పైలట్‌గా ఆగిపోయి మళ్లీ మొదలుపెట్టడం ఇంకో లెక్క. తిరిగొచ్చాక మొదటి నెలలోనే కంపెనీలోని శిక్షక పైలట్‌తో తేదీలు రాయించుకోవడం. "ఖాళీ దొరికినప్పుడు చూద్దాం" అన్న మాటకు ఒప్పుకుంటే ఆరు నెలలు పోతాయి.

రోటరుగాలి
నిబంధన గారు రాసింది అక్షరాలా నిజం. దళ నాయకులు చదువుతుంటే ఒక మాట: తిరిగొచ్చిన పైలట్‌కు రాత్రి గంటలు ముందు ఇవ్వండి. పగటి సరుకు రవాణాలు, డ్యూటీ రోస్టర్లు ఆమె మీద పెట్టి "తేలిక పని ఇచ్చాం" అనుకుంటారు. మంచి మనసుతో చేసే ఆ పనే ఆమెను 160 బోర్డుకు దూరం చేస్తుంది.

ఇనుపరెక్క
పైలట్లే అందరి నోటా వస్తున్నారు. హెలికాప్టర్ వెనక ఉండే క్రూ చీఫ్, ఫ్లయిట్ ఇంజనీరు, గన్నర్ దారి చాలామందికి దగ్గరిది. సైన్యం వృత్తి సంకేతాల్లో 15టి అంటే బ్లాక్‌హాక్ మెకానిక్, 15యు అంటే చినూక్ మెకానిక్. ఇద్దరికీ వృత్తి శిక్షణ వర్జీనియాలో ఫోర్ట్ యూస్టిస్‌లో. అక్కడినుంచి 160కు స్వచ్ఛందంగా దరఖాస్తు పెడితే గ్రీన్ ప్లటూన్‌కు (160లో చేరేవాళ్ల తొలి శిక్షణకు) పంపుతారు: ప్రథమ చికిత్స, ఆయుధాలు, చేతులతో పోరాటం, పటంతో నడక, నీళ్లలో మనుగడ, అన్నీ అలసిన శరీరంతో. పైలట్లకు గ్రీన్ ప్లటూన్ ఇంకా పొడవు, నావిగేషన్, హెలికాప్టర్ శిక్షణ కలుస్తాయి. అది దాటితే మొదటి స్థాయి అర్హత. పూర్తి అర్హతకు మరో ఏడాదిన్నర, రెండేళ్లు. ఫ్లయిట్ లీడ్ కావడం అందరికీ రాదు, వచ్చినా ఏళ్లు పడుతుంది.

వెనక పనిలో బలం కావాలి, ముఖ్యంగా పట్టు. మినీగన్ ఆరు గొట్టాలది, నిమిషానికి మూడు వేల పైన తూటాలు. దాన్ని ఎక్కించి దించడం, గాల్లో జామ్ అయితే చేతి తొడుగులతో చీకట్లో విప్పడం. సైనికులు జారి దిగే ఫాస్ట్ రోప్ తాడు తడిసిందంటే దాన్ని లోపలికి లాక్కోవడం వీపుతో చేసే పని కాదు, కాళ్లతో, ముంజేతితో చేసే పని. డెడ్‌లిఫ్ట్ ఎంత ముఖ్యమో, బరువులు పట్టుకుని నడవడం, తాడు ఎక్కడం అంతకంటే ముఖ్యం. ఎంపికకు ఆరు నెలల ముందునుంచి వారానికి మూడుసార్లు చేస్తే తేడా కనిపిస్తుంది. చివరి నెలలో మొదలుపెట్టినవాళ్లు మోచేతి నొప్పితో వస్తారు.

పటమూగడియారం
ఇప్పటి పరిస్థితి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 30న రక్షణ శాఖ అధిపతి పీట్ హెగ్సెత్ పోరాట వృత్తుల్లో అత్యున్నత పురుష ప్రమాణమే అందరికీ అన్నారు. అదే ఏడాది సైన్యం ఏవియేషన్ పోస్టులు తగ్గించడం మొదలుపెట్టింది, ఎయిర్ కావల్రీ అనే కొన్ని నిఘా హెలికాప్టర్ దళాలను మూసేస్తోంది. అంటే ఫ్లయిట్ స్కూలు సీట్లకు పోటీ పెరుగుతుంది. అమ్మాయిలకు నా సలహా: మీ పట్టికలో కనీస మార్కులకు సిద్ధం కావద్దు. పురుషుల పట్టికలో 350కి సిద్ధం కండి. నిబంధన రేపు మారినా మీ దరఖాస్తు మారదు.

స్వాతిచినుకు
అందరికీ కృతజ్ఞతలు. చివరగా ఒక చిన్న ప్రశ్న. జుట్టు? హెల్మెట్‌లో ఎలా పడుతుంది?

వైద్యమిత్ర
చిన్న ప్రశ్న కాదండీ, చూపుకు సంబంధించింది. ముడి వేసుకుంటే అది హెల్మెట్‌ను వెనకనుంచి పైకి నెట్టి, ముందుభాగం కిందికి దించుతుంది. గాగుల్స్ కంటికి ఎదురుగా, సరైన దూరంలో ఉండాలి. హెల్మెట్ ముందుకు ఒరిగితే గొట్టాలు కిందికి చూస్తాయి, కనిపించే వలయం అంచులు కోసుకుపోతాయి. పైలట్ తెలియకుండానే గడ్డం పైకెత్తి ఎగురుతుంది, గంటకల్లా మెడ పట్టేస్తుంది. హెల్మెట్, గాగుల్స్, వెనక బరువు సంచి కలిపి తలమీద రెండు కిలోల పైనే ఉంటుంది.

2021లో నియమాలు మారి జడ, పోనీటెయిల్ అనుమతించారు. మెడ వెనక ఎముక కింద పలచటి ఒంటి జడ వేసి, దాన్ని కాలర్ లోపలికి దోపుకోవాలి, బయట వేలాడితే బెల్టులో చిక్కుతుంది. రబ్బరు బ్యాండుకు బదులు నూలుది. హెల్మెట్ అమర్చే రోజున ఎగిరేటప్పుడు వేసుకునే జడతోనే వెళ్లాలి. జుట్టు విరబోసుకుని అమర్చుకుంటే మొదటి రాత్రికే వదులవుతుంది. అమర్చాక మెడ వెనక పట్టీ బిగించి, తల నాలుగు వైపులా ఊపి, గాగుల్స్ దించి, నాలుగు అంచులూ గుండ్రంగా కనిపిస్తున్నాయో లేదో చూసుకుని అప్పుడు సంతకం పెట్టండి.